ఐదడుగులు

ఈ ఊళ్లో గాలి ముందు లేస్తుంది.
తరువాత నేను.

సెయింట్ జాన్స్‌లో మా వీధి నిలబడి ఉండదు,
రేవు దాకా జారుతూ ఉంటుంది.
గాలిలో దీపం అంటారే, నాది గాలిలో బోర్డు.
మా తమ్ముడి పడవ మూతచెక్కని రెండుగా కోసి
పైన బందులు బిగించాను.
వాన పడితే ఇంకా చేపల వాసనే.

"బెర్నిస్ టిజర్డ్. బూట్ల మరమ్మతు. జిప్పులు కూడా.
తాళంచెవుల సంగతి అడక్కండి."
సుద్దతో రాస్తాను.
తొమ్మిదింటికల్లా పొగమంచు అంతా నాకేసి
"అడక్కండి" ఒక్కటీ వదిలేస్తుంది.

మే నెలలో నగరపాలక సంస్థ నుంచి
గారెట్ స్నూక్ వచ్చాడు.
మనిషి మంచివాడే, నోరు తెరిస్తే నిబంధన.
బోర్డు గోడని అంటిపెట్టుకుని ఉండాలట.
స్తంభానికి గొలుసు వేయకూడదట.
కొట్టు కట్టేసే వేళ అదీ లోపలికి రావాలట.
గాలికి పడిపోతే తప్పు గాలిది కాదట.
అన్నిటికంటే ముందు,
నడిచేవాళ్లకి ఐదడుగులు వదలాలట,
వేలెడు తగ్గినా జరిమానా.

"నా కొట్టు వెడల్పే ఏడడుగులు," అన్నాను.
అతను టేపు చుట్టుకుంటున్నాడు.
నేను అతని బూట్లు చూస్తున్నాను.
ఎడమ మడమ బయటివైపు అరిగిపోయింది.
చెప్పలేదు.
చెప్పే మూడ్‌లో లేను.

ఆ రాత్రి బోర్డు గోడ వైపు లాగాను.
గుర్తుకి రంగు పూద్దామంటే
కాలిబాట మీద రంగు పూయడం ఇంకో నేరం.
సిమెంటులో నాలుగో పగులు గుర్తు పెట్టుకున్నాను.
జానెడు పొట్టలోంచి
ఐదడుగులు కోసుకుపోయారని
ఎదురు బేకరీలో, పక్క మంగలి షాపులో,
విన్నవాళ్లకీ విననివాళ్లకీ చెప్పాను.

మర్నాడు పదింటికి ఆంబ్రోస్ కిన్సెల్లా
తెల్లకర్ర తట్టుకుంటూ నా గుమ్మం దాటి పోయాడు.
మంగలి షాపులో దూరి, వెనక్కొచ్చి
వీధి మధ్యలో నిలబడి అడిగాడు:
"బెర్నిస్, నీ కొట్టు ఎక్కడికి పోయింది?"

"బోర్డు జరిపానండీ."

"అదా సంగతి," నవ్వాడు.
"మొదటి ఏడు అది నా మోకాలికి తగిలేది.
రెండో ఏడు కర్రకి.
తర్వాత లెక్క కుదిరింది.
మలుపు నుంచి నలభై అడుగులు, టక్,
కుడివైపు నువ్వు."

మొదటి ఏడు.
ఏడాది పొడుగునా.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తీసేస్తావు.
తీసేస్తే నీ గిరాకీ?"

ఆ పూట మూడు మేకులు వంకర కొట్టాను.
స్నూక్ ఇచ్చిన కాగితం మళ్లీ చదివాను,
అటూ ఇటూ తిప్పి.
ఎత్తు ఉంది, వెడల్పు ఉంది, రుసుము ఉంది.
మోకాలి మాట ఎక్కడా లేదు.
ఉండుంటే
నేను అంత గొడవ చేసేదాన్ని కాదేమో.
చేసేదాన్నేమో. నా సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు పది కొట్టే వేళకి
తలుపుకి ఇటుక అడ్డం పెడతాను, లోపలివైపే.
పని ఉన్నా లేకున్నా
ఇనప కాలు మీద సుత్తి వేస్తాను.
మలుపు నుంచి ముప్పై ఎనిమిదని
లెక్క సరిచేశాడు ఆంబ్రోస్.

ఇక జనవరి.
నగరం వారి మంచుబండి రాత్రి వచ్చి
రోడ్డంతా శుభ్రంగా ఊడ్చి
ఆ మంచంతా కాలిబాట మీద గుట్ట పోసి పోయింది.
ఐదడుగులూ దాని కిందే.
టేపు పట్టుకుని ఎవరూ రాలేదు.

బోర్డు లోపలే ఉంచి
పార తీసుకుని బయటికొచ్చాను.
గోడ నుంచి మొదలుపెట్టి తవ్వాను.
నడుం పట్టేసింది, చెవులు మొద్దుబారాయి.
రెండుసార్లు కొలిచాను.
మొదటిసారి నాలుగడుగుల తొమ్మిదంగుళాలు.
ఇంకాస్త తవ్వాను.

పదికి పది నిమిషాలుంది.
సుత్తి చేతిలో ఉంది.